ఎర్రర్ నంబరు చూసి జడుసుకుంటే ఎలా?

మొన్న ఆదివారం దిల్‌సుఖ్‌నగర్ రూములో వారం రోజుల నిద్ర బాకీ తీర్చుకుంటుంటే బాబాయి ఫోను. ఎల్బీనగర్లో ఆయనకి చిన్న జిరాక్స్ షాపుంది. "ఒరేయ్, కంప్యూటర్లో వైరస్ పడిందటరా, 4,999 కడితే బాగుచేస్తారట, కట్టేదా?" అన్నాడు. ఎవరన్నారు బాబాయ్ అంటే, తెర మీద వచ్చిన ఎర్రర్ నంబరు సెల్లో గూగుల్ చేస్తే ఎవడిదో ఫోన్ నంబరు దొరికిందట. చేస్తే వాడేదో సాఫ్ట్‌వేర్ ఎక్కించమన్నాడట. ఏదీ నొక్కకుండా కూర్చో అని చెప్పి మెట్రో ఎక్కాను. మూడో స్టేషనే కదా.

తెర మీద ఉన్నది 80070035. ముందు ఒక సున్నా, ఒక ఎక్స్. చూడ్డానికి దయ్యంలా ఉంటుంది గానీ విప్పితే ఏమీ లేదు. మొదటి 8 అంటే పని ఫెయిలైందని. తర్వాతి 007 (జేమ్స్‌బాండు కాదు లెండి) అంటే ఇది విండోస్ వాడి మామూలు ఎర్రర్ల జాబితాలోదని. చివరి 35 హెక్సాడెసిమల్, అంటే మూడు పదహార్లు నలభై ఎనిమిది, ఐదు కలిపితే 53. కమాండ్ ప్రాంప్ట్‌లో నెట్ హెల్ప్‌ఎంఎస్‌జీ 53 అని కొడితే అదే చెప్తుంది, నెట్‌వర్క్‌లో ఆ దారి దొరకలేదని. దీనికి ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు.

వైరస్ లేదు, పాడూ లేదు. రెండో కంప్యూటర్ వెనక లాన్ వైరు ఊడి ఉంది. షాపు కుర్రాడు ఊడుస్తుంటే ఊడిందట :)

అలాగని కోడ్ అన్నీ చెప్పదు. ఫైర్‌వాల్ అడ్డొచ్చినా, అవతలి కంప్యూటర్ పేరు తప్పు కొట్టినా ఇదే 53 వస్తుంది. కానీ ఎక్కడ వెతకాలో చెప్తుంది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అప్‌డేట్ దెబ్బకి సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు పడిపోయి, హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్ళే ఇండిగో ప్రయాణికుడికి చేత్తో రాసిన బోర్డింగ్ పాసు ఇచ్చారు, గుర్తుందా? ఆ నీలితెర మీద కూడా ఏ ఫైలు దగ్గర పడిందో పేరుతో సహా ఉంది.

ఇంతకీ నా కోపం ఆ 4,999 గాడి మీద కన్నా మన మీదే ఎక్కువ. "ఏదో పొరపాటు జరిగింది, కాసేపాగి ప్రయత్నించండి" అని రాసేది ఎవరండీ? మనమే. నేనూ రాశాను, రిలీజ్ ముందురోజు రాత్రి రెండింటికి. లోపలి సంగతులు బయట పెట్టకూడదు కదా అంటారు. నిజమే, తప్పు యూజర్‌నేమ్‌దా పాస్‌వర్డ్‌దా అని విడదీసి చెప్పకూడదు. కానీ ఒక నంబరిచ్చి, దాని అర్థం మన సైట్లోనే తెలుగులో ఒక ముక్క రాయడానికేం రోగం? మనం ఖాళీగా వదిలేసిన చోటే వాడు దుకాణం తెరిచాడు. మైక్రోసాఫ్ట్ ఎర్రర్లో ఫోన్ నంబరు ఎప్పుడూ ఉండదన్న సంగతి కూడా బాబాయికి ఎవరూ చెప్పలేదు. నేను సహా.

1930కి ఫోన్ చేద్దాం బాబాయ్ అంటే, డబ్బు పోలేదుగా వదిలెయ్యరా అన్నాడు. మానిటర్ అంచున మాత్రం స్కెచ్ పెన్నుతో "53 - వైరు చూడు" అని రాసుకున్నాడు. వైరొక్కటే కాదు మహాప్రభో అన్నా వినలేదు.