ఇల్లు చూసే ముందు సెల్లార్ చూడండి

అద్దె ఇల్లు వెతికేవారు వంటగదిని చూస్తారు, నీళ్ల సంగతి అడుగుతారు, మసీదు, బడి ఎంత దూరమో విచారిస్తారు. బండి ఎక్కడ నిలపాలన్న ప్రశ్న మాత్రం చివరికి మిగిలిపోతుంది. గత సంవత్సరం హైదరాబాద్ టోలిచౌకీలో ఇల్లు మారినప్పుడు మేమూ ఈ పొరపాటే చేశాము.

మా అమ్మ మోకాళ్ల నొప్పితో నాలుగడుగులు వేయడమే కష్టం. అందుకే లిఫ్టు పక్కన కారుకు చోటున్న ఇల్లు కావాలనుకున్నాము. బ్రోకరు అలాంటి చోటే చూపించాడు. మూడు నెలల అద్దె అడ్వాన్సుగా చెల్లించి దిగాము. మూడో రోజు వాచ్‌మన్ వచ్చి, “సార్, అది రెండో అంతస్తు వాళ్లది” అన్నాడు. ఓనరును అడిగితే, “పార్కింగ్ ఉందన్నాను గాని, ఫలానా చోటని చెప్పలేదు కదా!” అన్నారు. ఒప్పంద పత్రం తీసి చూశాము. అందులో పార్కింగ్ ఊసే లేదు.

ఒక వర్షపు రాత్రి వీధిలో చోటు దొరకక, రెండో అంతస్తు వారి కారు వెనుకనే మా కారు నిలిపి పడుకున్నాము. ఫజ్ర్ వేళకు కిందికి దిగేసరికి ఆ పెద్దాయన దిక్కుతోచక నిలబడి ఉన్నారు. ఆయన భార్య మెట్లపై కూర్చుని ఆయాసపడుతున్నారు. “కాస్త బండి తీయండి బాబూ, ఆసుపత్రికి వెళ్లాలి” అన్నారాయన. అంతకు మించి ఒక్క మాట కూడా అనలేదు. అల్లాహ్ దయవల్ల ఆమె కోలుకున్నారు. కానీ ఆ ఉదయం నమాజులో మా మనసు నిలవలేదు. మాకు జరిగిన అన్యాయాన్ని తలచుకుంటూ, పొరుగువారి హక్కును మేమే కాలరాశాము. క్షమాపణ కోరడానికి వెళితే ఆయన, “అమ్మగారిని బయటికి తీసుకెళ్లే రోజున ముందుగా చెప్పండి, మా చోటు ఖాళీ చేస్తాను” అన్నారు.

ఇల్లు వెతుకుతున్న సోదర సోదరీమణులకు మా అనుభవంతో చెప్పే మాటలివి. సెల్లార్‌ను రాత్రి తొమ్మిది తరువాత, బండ్లన్నీ చేరాక చూడండి. చిన్న కారు పొడవే సుమారు 4 మీటర్లు. తలుపు తెరిచి వృద్ధులను దించాలంటే 2.5 మీటర్ల వెడల్పైనా ఉండాలి. ఓనరు మాటతో సరిపెట్టుకోక, ఆ చోటు ఆ ఫ్లాటుకే కేటాయించారా అని అసోసియేషన్‌ను అడగండి. 2010లో సుప్రీంకోర్టు ముంబయికి చెందిన ఒక హౌసింగ్ సొసైటీ కేసులో, స్తంభాల కింది పార్కింగ్‌ను బిల్డరు విడిగా అమ్మరాదని తీర్పు చెప్పింది. 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం ఆరుబయటి పార్కింగ్‌ను ఉమ్మడి స్థలాలలో చేర్చింది. కనుక “ఇది నా సొంతం” అనే ప్రతి మాటా నిజం కాకపోవచ్చు.

అన్నిటికన్నా ముఖ్యం, రాసుకోవడం. అప్పు లావాదేవీలను రాసిపెట్టుకోమని దివ్యఖుర్ఆన్ మనకు నేర్పింది. అద్దె విషయంలో మాత్రం మొహమాటపడతాము. పదకొండు నెలల ఒప్పందమైనా సరే, పార్కింగ్ చోటు సంఖ్య, ఎన్ని బండ్లు, అతిథుల బండి ఎక్కడ అన్నవి అందులో ఉండాలి.

కాగితం మన హక్కును కాపాడుతుంది. పొరుగువారి హక్కును కాపాడవలసింది మాత్రం మనమే. ఈ రాత్రి బండికి తాళం వేసే ముందు ఒక్కసారి వెనుదిరిగి చూద్దాం: ఎవరి దారికైనా అడ్డుగా ఉన్నామా?