కోటి రూపాయల ప్రశ్న ఎవరిది?

"మీలో ఎవరు కోటీశ్వరుడు" చరిత్ర అని ఎక్కడ చదివినా నాకు కనబడేది ఒక్కటే: ఏ ఏడాది ఏ కథానాయకుడు ఆ కుర్చీలో కూర్చున్నాడన్నది. ప్రశ్నల కార్యక్రమానికి చరిత్ర రాస్తూ ప్రశ్నలనే వదిలేయడం ఏం న్యాయం? ఈ మాట చాలా కాలంగా మనసులో ఉంది. ఇవాళ చెప్పేస్తున్నాను.

ముందు ఆ చరిత్రనే చూద్దాం. 1998 సెప్టెంబరులో బ్రిటన్‌లో పుట్టిన ఆట ఇది. 2000 జులై 3న అమితాబ్ బచ్చన్ వ్యాఖ్యాతగా స్టార్ ప్లస్ ద్వారా హిందీలోకి వచ్చింది. 2012లో తమిళ, కన్నడ, మలయాళ భాషలు మూడూ దీన్ని తెచ్చుకున్నాయి. తెలుగు మరో రెండేళ్ళు ఆగి, 2014 జూన్ 9న మా టీవీలో నాగార్జునతో మొదలుపెట్టింది. తెలంగాణ రాష్ట్రం ఏర్పడి అప్పటికి సరిగ్గా వారం. మూడు విడతలు ఆయన నడిపారు. 2017 ఫిబ్రవరిలో, చానెల్ స్టార్ మాగా పేరు మార్చుకున్న రోజుల్లోనే, నాలుగో విడత చిరంజీవికి దక్కింది. 2021 ఆగస్టులో జెమిని టీవీకి మారి, పేరు కూడా "ఎవరు మీలో కోటీశ్వరులు" అని అటూ ఇటూ అయి, జూనియర్ ఎన్టీఆర్ చేతికి వచ్చింది. ఆ నవంబరులో కొత్తగూడేనికి చెందిన ఒక పోలీసు సబ్‌ఇన్‌స్పెక్టరు కోటి గెలిచాడు. అంతవరకూ, అంటే ఏడేళ్ళపాటు, తెలుగులో కోటీశ్వరుడు పేరులోనే ఉండిపోయాడు.

మొదటి విడత వచ్చేనాటికి నేను దేవరకొండ వైపు మా ఊళ్ళో ఉన్నాను. రాత్రి అన్నాలయ్యాక అమ్మ టీవీ ముందు కూర్చునేది. నాలుగు జవాబులూ శ్రద్ధగా వినేది. ఒక్కదానికీ నోరు విప్పేది కాదు. ఒకనాడు లేచి వెళుతూ, "మనకెరుకైనయి అడగరు బిడ్డా" అంది. అందులో కోపం లేదు. తనకేమీ తెలియదని ఒప్పుకుంటున్నట్టుగా ఉంది. నన్ను బాధించింది అదే.

ఎందుకంటే అమ్మకు చాలా తెలుసు. ఏ బావి నీళ్ళకు పప్పు ఉడుకుతుందో, ఏ బావి నీళ్ళకు ఉడకదో తెలుసు. ఏ వాననాటికి ఏ విత్తనం వేయాలో తెలుసు. ఫ్లోరైడు నీళ్ళు పసిపిల్లల పళ్ళను, పెద్దల మోకాళ్ళను ఏం చేస్తాయో పుస్తకం తెరవకుండా చెప్పగలదు.

ఇక్కడే నా అసలు అభ్యంతరం. మా మెట్టసీమ నుంచి ఒక పోటీదారు వెళితే, ముందుగా అతని కష్టాల దృశ్యాలు చూపుతారు. ఎండిన చెలక, వలసపోయిన తండ్రి, వెనుక ఏడుపు సంగీతం. ఆ తరువాత ఆట మొదలవుతుంది. అడిగేది సినిమాల గురించి, క్రికెట్ గురించి, విదేశీ రాజధానుల గురించి. నేను చూసినంతలో వరస ఇదే. మా కష్టం ప్రదర్శనకు పనికొస్తుంది, మా తెలివి మాత్రం ప్రశ్నకు పనికిరాదు!

వినోద కార్యక్రమానికి ఇంత విచారణ ఎందుకని మిత్రులు అనవచ్చు. తార లేకపోతే ఎవరు చూస్తారనీ అనవచ్చు. తార ఉండనివ్వండి, నాకేమీ అభ్యంతరం లేదు. సామాన్యుడిని ఎదురుగా కూర్చోబెట్టి "మీరు" అని పలకరించడం చిన్న సంగతి కాదని కూడా ఒప్పుకుంటాను. కానీ కోటి రూపాయల వెల కట్టి "ఇది జ్ఞానం" అని ఇంటింటికీ చూపించాక, అది వట్టి వినోదంగా మిగలదు. ఏది తెలుసుకోదగ్గదో, ఏది కాదో అది తీర్పు చెబుతుంది. ఆ తీర్పు విని మా అమ్మ లేచి వెళ్ళిపోయింది.

అడగడానికి మా దగ్గర ప్రశ్నలు లేవా? తాగునీటిలోని ఫ్లోరైడును పటిక, సున్నంతో తగ్గించే పద్ధతికి ప్రపంచమంతటా ఉన్న పేరు "నల్లగొండ పద్ధతి". నాగపూరులోని నీరీ శాస్త్రజ్ఞులు రూపొందించిన ఆ పద్ధతి పేరు టాంజానియా, ఇథియోపియాల దాకా వెళ్ళింది. 1951 ఏప్రిల్ 18న వినోబా భావేకు తొలి భూదానం అందింది పోచంపల్లిలో. దేశం నలుమూలలా ఆనకట్టల దగ్గర మట్టి మోసిన శ్రమకు "పాలమూరు లేబరు" అనే పేరు స్థిరపడింది. వీటిలో కోటి రూపాయలకు తూగనిది ఏది?

తెలంగాణలో కవులే లేరన్న మాట ఒకప్పుడు వినబడితే, పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి వాదనతో సరిపెట్టుకోలేదు. 1934లో 354 మంది కవులతో "గోలకొండ కవుల సంచిక" వెలువరించి చూపించాడు. లేరన్నవారికి లెక్కతో జవాబిచ్చాడు. మనకు దారి అదే.

కనుక మిత్రులారా, చానెళ్ళను తిట్టుకుంటూ కూర్చోవద్దు. మీ ఊరి ప్రశ్నలు మీరు రాయండి. చెరువు పేరు, పంట పేరు, పనిముట్టు పేరు, ఆ ఊరి చరిత్రలో ఒక తేదీ, ఏదైనా సరే. ఒక్కొక్కరూ పది రాసినా ఒక సంచిక అవుతుంది. నా మొదటి ప్రశ్న ఇదిగో: నీళ్ళలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడు తగ్గించే పద్ధతికి ఏ జిల్లా పేరు పెట్టారు?

నిన్న ఫోనులో అమ్మను అడిగాను. "మన జిల్లా పేరేనా?" అని ఆశ్చర్యపోయింది. తరువాత నవ్వి, "ఇంకోటడుగు" అంది.