పెదవి కింద పుదీనా.. పక్కనే బడి!

హోసూరు: పొగ రాదు. మాటిమాటికీ ఉమ్మే పని లేదు. దగ్గరికొస్తే తగిలేది పుదీనా వాసనే. అందుకే ఇంట్లో పెద్దోళ్లకు అనుమానం రావడం లేదు. బీడీ కాల్చిన పిల్లోడు గుమ్మంలోనే దొరికిపోతాడు. పెదవికీ చిగురుకూ మధ్య చిన్న పొట్లం దాచినోడు అమ్మ ఎదురుగా కూర్చుని అన్నం పెట్టే దాకా కూడా దొరకడు. 'కూల్ లిప్' లాంటి సువాసన పొగాకు విద్యార్థుల్లోకి చొరబడిన గుట్టు ఇదే.

వ్యవహారం కోర్టు దాకా వెళ్లింది. 2024 సెప్టెంబరులో మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం ఇలాంటి కేసుల్లో బెయిలు పిటిషన్లు విచారిస్తూ బడి పిల్లలు దీనికి బానిసలవుతున్నారని ఆందోళన వ్యక్తం చేసింది. దేశమంతా ఎందుకు నిషేధించకూడదని కేంద్రాన్ని నిలదీసింది. ఒక్క తమిళనాడు తలుపు మూస్తే చాలదన్నది అందులోని సారం. ఆ సంగతి హోసూరు వాసులకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

గేటు దాటితే సరుకు

బెంగళూరు వైపు నుంచి కార్లు, వ్యాన్లలో వచ్చే గుట్కా, హాన్స్ మూటలను కృష్ణగిరి జిల్లా పోలీసులు పట్టుకోవడం ఏళ్లుగా మామూలు వార్త. అత్తిబెలె, జూజువాడి మధ్య దూరమెంతని? 2017లో జీఎస్టీ వచ్చాక అమ్మకం పన్ను తనిఖీ కేంద్రాలూ ఎత్తేశారు. పెద్ద రోడ్డు వదిలేసినా బాగలూరు, తళి వైపు పల్లెదారులున్నాయి. పట్టుబడేది డ్రైవరు, సీలు పడేది చిల్లర అంగడికి. సరుకు పంపినోడి జోలికి పోయేదెవరు?

చట్టాలు లేక కాదు. ఆహార పదార్థాల్లో పొగాకు, నికోటిన్ కలపరాదని 2011 ఆహార భద్రత నిబంధనలు చెబుతున్నాయి. దాని ఆధారంగానే 2013లో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, కర్ణాటక వరుసగా గుట్కాను నిషేధించాయి. వ్యాపారులు ఊరుకుంటారా? పాన్ మసాలా ఒక పొట్లం, పొగాకు ఇంకో పొట్లం చేశారు. రెండూ కలుపుకునే పని కొనేవాడిది! ఈ జంట పొట్లాల ఎత్తుగడను 2016లో సుప్రీంకోర్టు సైతం తప్పుబట్టింది.

ఏడాది నిషేధం చిక్కు

తమిళనాడు నిషేధానికి ఇంకో బలహీనత ఉంది. కమిషనరు ఉత్తర్వు ఏడాదికే చెల్లుతుంది. ఏటా పొడిగిస్తూ పోవడం అధికార పరిధి దాటడమేనని 2023 జనవరిలో మద్రాసు హైకోర్టు కొట్టేసింది. ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు స్టే ఇవ్వడంతో ప్రభుత్వం ఊపిరి పీల్చుకుంది. పిల్లల ఆరోగ్యం ఏటా పొడిగించే కాగితం మీద నడవాలా అన్న ప్రశ్న మాత్రం అలాగే ఉంది. అసెంబ్లీలో గట్టి చట్టం చేస్తే ఈ తంటా ఉండదు.

అసలు కిటుకు వాసనలోనే ఉంది. పచ్చి పొగాకు మొదటిసారి నోట్లో పెడితే మండుతుంది, చాలామంది అక్కడే ఆగిపోతారు. పుదీనా చల్లదనం ఆ మంటను కప్పేస్తుంది. అలవాటు కుదిరే సరికి నికోటిన్ పట్టేస్తుంది. ఎదిగే వయసు మెదడుకు ఆ పట్టు మరీ గట్టిది. 13-15 ఏళ్ల విద్యార్థుల్లో 8.5 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నట్లు 2019 జాతీయ సర్వేలో తేలింది. అమెరికా 2009లోనే మెంథాల్ మినహా సువాసన సిగరెట్లను ఆపేసింది. ఐరోపా యూనియన్ 2020లో మెంథాల్‌నూ తీసేసింది. మన దేశంలో 2019 చట్టంతో ఈ-సిగరెట్లను పూర్తిగా నిషేధించారు, మొదటి నేరానికే ఏడాది దాకా జైలు. పొగాకుకు వాసన అద్దడంపై మాత్రం సిగరెట్, పొగాకు ఉత్పత్తుల చట్టంలో ఒక్క ముక్కా లేదు.

ఆ 2003 చట్టం ప్రకారం బడికి వంద గజాల్లోపు అమ్మకూడదు, 18 ఏళ్లలోపు వారికి అసలే ఇవ్వకూడదు. తప్పితే జరిమానా 200 రూపాయల వరకు. అంగడి వాడికి అది లెక్కలోదా? కర్ణాటక 2025లో సవరణ తెచ్చి కొనే వయసును 21కి పెంచింది. అంటే అత్తిబెలెలో సిగరెట్ ఇవ్వకూడని 19 ఏళ్ల కుర్రాడికి హోసూరు అంగట్లో ఇస్తే నేరం కాదు. ఇన్నాళ్లూ సరుకు అటు నుంచి ఇటు వచ్చేది. ఇక కొనేవాడూ అటు నుంచే రావచ్చు.