ఉద్దానము ముంగిట ఉండగా పరిశోధనాంశమునకు వెదుకులాట ఎందుకు ?

జీవవైద్య శాస్త్రములో పిహెచ్‌డి చేయదలచిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల విద్యార్థులు పెద్దలను మొదట అడిగే ప్రశ్న, ‘ఖాళీ ఉన్న గైడు ఎవరు?’ అన్నది. రెండవ ప్రశ్న, ‘త్వరగా పూర్తయే అంశము ఏది?’ అన్నది. మొదటి ప్రశ్న తరువాత అడగవలసినది. రెండవది అడగదగినదే కాదు. ముందుగా మనుష్యులను బాధిస్తున్న ఒక సమస్యను మీరు ఎన్నుకోవాలి. ఆ సమస్యను శోధించడములో మీకు దారి చూపగల పర్యవేక్షకుని ఆ పిమ్మట వెదకాలి. మన ప్రాంతపు విద్యార్థి అటువంటి సమస్య కొఱకు దూరము పోనక్కఱలేదు.

కారణము తెలియని వ్యాధి :

శ్రీకాకుళం జిల్లా ఉత్తరపు కొసన కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలములలో కొబ్బరి, జీడి తోటలతో పచ్చగా కనిపించే నేల ఉద్దానము. రెండు దశాబ్దములకు పైగా అక్కడి ప్రజలను దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి పీడిస్తున్నది. 2019, 2020 సంవత్సరములలో ప్రచురితమైన రెండు అధ్యయనములలో, పరీక్షించిన పెద్దలలో సుమారు ప్రతి ఐదుగురిలో ఒకరికి ఈ వ్యాధి ఉన్నట్లు తేలింది.

ఇతర ప్రాంతములలో మూత్రపిండములు చెడడానికి ముఖ్య కారణములు మధుమేహము, అధిక రక్తపీడనము. ఉద్దానములో చాలామంది రోగులకు ఈ రెండూ ఉండవు. మూత్రములో ఆల్బుమిన్ స్వల్పముగానే పోతుంది. తొలిదశలో కాళ్ళ వాపులు, ముఖము ఉబ్బరము కనిపించవు. మూత్రనాళికలు, వాటి చుట్టూ ఉన్న కణజాలము లోలోపల దెబ్బ తింటూ ఉంటే, రక్తములో క్రియటినిన్ నిశ్శబ్దముగా పెరుగుతుంది. రోగి వైద్యుని వద్దకు వచ్చేసరికి చాలా భాగము నష్టము జరిగిపోయి ఉంటుంది.

భూగర్భజలములోని సిలికా, భారలోహములు, పురుగుమందులు, ఎండలో నీరు చాలక చేసే శ్రమ, విచ్చలవిడిగా వాడే నొప్పిమాత్రలు, వంశపారంపర్యము, వీటన్నిటి మీద అనుమానములు ఉన్నాయి. ఏ ఒక్కటీ ఇదమిత్థమని నిర్ధారణ కాలేదు. డయాలిసిస్ కేంద్రములు వచ్చాయి. రోగులకు పింఛన్లు వచ్చాయి. హిరమండలం జలాశయము నుంచి తాగునీటి పథకము వచ్చింది. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రము, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. ఇవన్నీ కావలసినవే. కాని కారణము తెలియనంత వఱకు నివారణ గుడ్డివాని చేతికఱ్ఱ వంటిదే.

పరిశోధక విద్యార్థే ఎందుకు ?

ఉద్దానములో శ్రమించిన వైద్యులు, శాస్త్రజ్ఞులు ఉన్నారు. వారి కృషిని నేను తక్కువ చేయను. అయితే సర్వే బృందము ఒక ఊరికి వచ్చి, రక్తము, మూత్రము తీసుకొని, కొన్ని దినములలో వెళ్ళిపోతుంది. ఈ వ్యాధి అయితే సంవత్సరముల తరబడి పెరుగుతుంది. ఒక్కసారి తీసిన రక్తము ఆ దినపు స్థితిని మాత్రమే చెబుతుంది. ఎవరి మూత్రపిండములు ఎప్పుడు, ఎంత వేగముగా, ఏ పని చేస్తూ ఉండగా క్షీణించాయో చెప్పదు. అది తెలియాలంటే అదే మనుష్యులను మళ్ళీ మళ్ళీ చూచే వ్యక్తి కావాలి. పిహెచ్‌డి గడువు కనీసము మూడేళ్ళు, సాధారణముగా ఆరేళ్ళ లోపు. ఆసుపత్రి వైద్యునికి దొరకని ఆ కాలము పరిశోధక విద్యార్థికి ఉంది. అందుచేత ఉద్దానమునకు మీరు అవసరము.

శ్రీకాకుళంలో 1921లో జన్మించి, విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన వులిమిరి రామలింగస్వామి గారిని స్మరించుకోండి. ఆయన, ఆయన సహచరులు హిమాలయ సానువులలోని కాంగ్రా లోయలో గాయిటర్ అనే గళగ్రంథి వాపును ఎన్నుకొన్నారు. 1956లో మొదలైన ఆ అధ్యయనములో లోయను మూడు భాగములు చేసి, రెండు భాగములకు అయొడిన్ కలిపిన ఉప్పును, మూడవ భాగమునకు మామూలు ఉప్పును సరఫరా చేసి, సంవత్సరముల తరబడి కనిపెట్టి చూచారు. అయొడిన్ ఉప్పు తిన్న చోట్ల గళగ్రంథి వాపులు బాగా తగ్గాయి. మామూలు ఉప్పు తిన్న చోట తగ్గలేదు. నేడు మీ వంటింటిలోని అయొడిన్ ఉప్పు వెనుక ఆ లోయ ఉంది. సిక్కోలు బిడ్డ కాంగ్రా వెళ్ళి అంత పని చేయగా, సిక్కోలులోనే ఉన్న వ్యాధిని మన విద్యార్థులు దాటిపోవడము న్యాయమా ?

మూడు సాకులు :

‘ఇంత పెద్ద సమస్యను ఒక్క విద్యార్థి ఏం చేయగలడు?’ అని కొందఱు గైడులు అంటారు. సమస్యను మొత్తముగా ఎత్తుకొమ్మని ఎవరూ అనలేదు. ఒక ఊరిలోని కూలీల రక్తములో క్రియటినిన్ వేసవి పనులకు ముందు, తరువాత ఎలా మారుతుంది ? ఒకే ఊరి బావులలో సిలికా ఋతువులను బట్టి ఎంత మారుతుంది ? నొప్పిమాత్రలు వైద్యుని చీటీ లేకుండా ఎందఱు, ఎన్ని దినములు వాడుతున్నారు ? మూత్రనాళికలకు కలిగే తొలి హానిని తెలిపే సూచకములు యువకుల మూత్రములో కనిపిస్తాయా ? వీటిలో ఒక్కొక్కటి ఒక సిద్ధాంత గ్రంథమునకు సరిపోతుంది.

‘మనకు ప్రయోగశాలలు లేవు’ అన్నది రెండవ సాకు. ఎచ్చెర్లలో విశ్వవిద్యాలయము ఉంది. శ్రీకాకుళం, విజయనగరం, నెల్లిమర్లలలో వైద్య కళాశాలలు ఉన్నాయి. విశాఖలో 1923 నాటి వైద్య కళాశాల, 1926 నాటి విశ్వవిద్యాలయము ఉన్నాయి. సూక్ష్మ పరీక్షలకు హైదరాబాదులో సిసిఎంబి, జాతీయ పోషకాహార సంస్థ వంటివి ఉన్నాయి. వేఱొక సంస్థ నుంచి సహ పర్యవేక్షకుని పెట్టుకోవడానికి నిబంధనలు అనుమతిస్తాయి. నమూనాలు ప్రయాణము చేయగలవు. ఊళ్ళోకి వెళ్ళే మనిషే కావాలి.

‘ఫలితము రాకపోతే?’ అన్నది మూడవ సాకు. బాల్కన్ దేశములలో డాన్యూబు ఉపనదుల ఒడ్డు గ్రామములలో ఇటువంటి వ్యాధినే 1950 దశకములో వర్ణించారు. గోధుమ పొలములలో కలుపుగా పెరిగే అరిస్టొలోకియా మొక్క గింజలు పిండిలో కలియడము కారణము కావచ్చునని 1969 ప్రాంతములోనే ఒక శాస్త్రజ్ఞుడు సూచించాడు. దానిని పట్టుకొని చివఱి దాకా పోయినవారు లేక, రోగుల కణజాలములో ఆ మొక్క విషపు జాడలు బలముగా నిరూపితమయేసరికి 2007 వచ్చింది. ఒక అనుమానము తప్పని నిరూపించినా, వెదకవలసిన చోట్లలో ఒకటి తగ్గుతుంది. అటువంటి సిద్ధాంత గ్రంథమును పరీక్షకులు చిన్నచూపు చూస్తే తప్పు పరీక్షకులదే.

పర్యవేక్షకుని ఎన్నుకొనే విధము :

సమస్య తేలిన పిమ్మట పర్యవేక్షకుని పరీక్షించండి. అవును, ఆయన మిమ్మల్ని పరీక్షించినట్లే మీరూ ఆయనను పరీక్షించాలి. విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2022 నిబంధనల ప్రకారము ఆచార్యునికి ఒకే కాలములో 8 మంది, సహ ఆచార్యునికి 6గురు, సహాయ ఆచార్యునికి 4గురు పరిశోధక విద్యార్థులకు మించి ఉండరాదు. పదవీ విరమణకు మూడేళ్ళ లోపు ఉన్నవారు క్రొత్త విద్యార్థులను తీసుకోరాదు. ముందుగా ఈ లెక్కలు చూడండి.

ఆపై ఆయన పూర్వ విద్యార్థులను, ఆయన ఎదుట లేనప్పుడు, కలవండి. ఎందఱు పూర్తి చేశారు ? ఎన్నేళ్ళు పట్టింది ? పని చేసినవారి పేరు ప్రచురణలలో ముందు ఉన్నదా ? ఆయన తానుగా ఊళ్ళకు వెళ్ళారా ? మీ చేత ఇంటిపనులు, ఇతరుల ప్రశ్నపత్రములు దిద్దే పనులు చేయించే చోట చేరకండి. డబ్బు తీసుకొని ప్రచురించే నకిలీ పత్రికల దారి చూపే చోట అసలే చేరకండి.

ఇది చిన్న విషయము కాదు. మన భీమవరములో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డులో సైరస్ ఫిస్కె వద్ద పనిచేశారు. రక్తములో ఫాస్ఫరస్‌ను కొలిచే 1925 నాటి పద్ధతి వారిద్దఱి పేర్లతో నేటికీ వాడుకలో ఉంది. అయినా అదే ప్రయోగశాలలో పనిచేసి తరువాత నోబెల్ బహుమతి పొందిన జార్జి హిచింగ్స్, ఫిస్కె అసూయ వలన సుబ్బారావు గారి కృషిలో కొంత వెలుగు చూడలేదని, దానిని ఇతరులు మళ్ళీ కనుగొనవలసి వచ్చిందని చెప్పారు. అంతటి మేధావికే అటువంటి అనుభవము కలిగితే, మీరు విచారించకుండా చేరడము తెలివైన పని కాదు.

ఊరికి తిరిగి చెప్పండి :

ఉద్దానము ప్రజలు తమ రక్తమును పలుమార్లు ఇచ్చారు. మీరు వెళ్ళినప్పుడు నైతిక సంఘపు అనుమతితో, వారి భాషలో వివరించి పొందిన అంగీకారముతో వెళ్ళండి. ఎవరి ఫలితము వారికి కాగితము మీద అందజేయండి. క్రియటినిన్ ఎక్కువ ఉన్నవారిని వైద్యుని వద్దకు చేర్చే ఏర్పాటు మీ ప్రణాళికలోనే వ్రాసుకోండి. ఆ ఏర్పాటు లేని ప్రణాళికపై సంతకము పెట్టే పర్యవేక్షకుని వదలివేయండి.

విశ్వవిద్యాలయముల పెద్దలకు నా విన్నపము ఒకటే. మన జిల్లాల సంస్థలలో ప్రతి సంవత్సరము కొన్ని పిహెచ్‌డి స్థానములు ఉద్దానమునకే కేటాయించండి. ఒక వైద్యుని, ఒక శాస్త్రజ్ఞుని జంటగా పర్యవేక్షకులను చేయండి. తల్లిదండ్రులకు కూడా ఒక మాట. మీ పిల్లలు కవిటిలోనో, కంచిలిలోనో గది అద్దెకు తీసుకొని నాలుగేళ్ళు ఉంటామంటే వారిని వారించకండి. వచ్చే ప్రవేశములకు దరఖాస్తు వ్రాసే విద్యార్థులారా, ‘పరిశోధనాంశము’ అన్న గడిని ఖాళీగా వదలి గైడు ఇంటికి వెళ్ళకండి. మీ ప్రశ్నను మీరే అందులో నింపి, ఆ తరువాత తలుపు తట్టండి.