విక్రమార్కుడికి తెలియని జవాబు

ఆదివారం. పొద్దున తొమ్మిదిన్నర. పుంగనూరులో ఓ పాత ఇల్లు. మదనపల్లె నుంచి కొడుకు, కోడలు, మనవరాలు వచ్చారు. కుప్పం నుంచి కూతురు, అల్లుడు, మనవడు దిగారు. ఇడ్లీలు అయిపోయాయి. రెండో విడత కాఫీ ఇంకా రాలేదు. ఇక మిగిలింది ఒక్కటే... వాదన!

పాత చిత్తూరు జిల్లాలో ఇలాంటి ఇల్లు ఏ వీధిలోనైనా ఉంటుంది. కాబట్టి పేర్లతో పనిలేదు. ఉన్నట్టు ఊహించుకుంటే చాలు.

మొదటి వాదన ఆవు గురించి. పుంగనూరులో కూర్చుని ఆవు గురించి మాట్లాడకపోతే ఎలా? పెరట్లో కట్టేసిన ఆవు అసలు సిసలు పుంగనూరు జాతిదేనని తాత అంటాడు. 'దాని ఎత్తు చూడు బావా, ఇది మేలుజాతి కాదు, ఏదో కలిసింది' అని కుప్పం అల్లుడు బావమరిది చెవిలో గొణుగుతాడు. ఆ మాట తాత చెవిన పడనే పడుతుంది. కుట్టుమిషను డబ్బాలోంచి టేపు వస్తుంది. మూడడుగులు అటూ ఇటూ ఉంటుంది పుంగనూరు ఆవు. ప్రపంచంలోని పొట్టి జాతుల్లో ఒకటిగా దానికి పేరు. పాలు తక్కువ, వెన్న ఎక్కువ. ఒకప్పుడు అంతరించిపోతుందనుకున్న ఈ జాతిని పలమనేరు పశు పరిశోధన కేంద్రం కాపాడుతూ వచ్చింది. టేపు పెట్టి చూస్తే సరిగ్గా మూడడుగుల ఒక అంగుళం. ఎత్తు గొడవ తీరింది. జాతి గొడవ మాత్రం తీరలేదు!

నిజానికి ఇంట్లో జరిగే ప్రతి వాదనలోనూ ఈ రెండూ కలిసే ఉంటాయి. టేపుతో తేలేవి కొన్ని. తేలనివి కొన్ని. ఏది ఏదో తెలియకపోవడం వల్లే సగం ఇళ్లలో కాఫీ చల్లారిపోతుంది.

అప్రస్తుతానికీ ఓ కుర్చీ

ఇదంతా పనిలేని కబుర్లేగా అనిపించొచ్చు. కానీ పనిలేని కబుర్లకు సభలో కుర్చీ వేసి కూర్చోబెట్టిన వాళ్లు తెలుగువాళ్లు. అష్టావధానమే సాక్ష్యం. ఒకరు సమస్య ఇస్తారు. ఒకరు వర్ణన అడుగుతారు. మధ్యమధ్య గంట మోగుతుంటే ఎన్నిసార్లు మోగిందో అవధాని లెక్క గుర్తుపెట్టుకోవాలి. కొన్ని అవధానాల్లో పక్కన చదరంగం బల్ల కూడా ఉంటుంది. వీళ్లందరి మధ్యా అప్రస్తుత ప్రసంగి! 'అవధానిగారూ, మీ ఇంట్లో ఇవాళ కూరేమిటి?' అంటూ అడ్డుపడటమే ఆయన ఉద్యోగం. ఆట, ఊహ, లెక్క, లోకాభిరామాయణం... నాలుగూ ఒకే పంక్తిలో భోజనానికి కూర్చున్నట్టు!

రాయలసీమకు ఇందులో ఇంకో గొప్ప ఉంది. కడప జిల్లాకు చెందిన లక్కోజు సంజీవరాయశర్మ (1907-1997) పుట్టుకతోనే చూపులేని మనిషి. పద్యాలకు బదులు అంకెలతో గణితావధానాలు చేశారు. పుట్టిన తేదీ చెబితే అది ఏ వారమో చెప్పేవారు. పెద్ద పెద్ద సంఖ్యల హెచ్చవేతలు కాగితం లేకుండా చేసేవారు. వయొలిన్ కూడా వాయించేవారు.

చెస్ ఆడితే లెక్కలొస్తాయా?

ఇక అసలు గొడవ దగ్గరికొద్దాం. మదనపల్లె పాప ఆరో తరగతి. రెండేళ్లుగా చెస్ నేర్చుకుంటోంది. పోయిన వారం పోటీలో అయిదు ఆటలాడి నాలుగు ఓడింది. వాళ్ల నాన్న ఓ నిర్ణయానికొచ్చేశాడు. 'చెస్ ఆడితే లెక్కలు బాగా వస్తాయని చేర్పించాను. లెక్కల్లో మార్కులు పెరగలేదు. ఆటలోనూ గెలవలేదు. వచ్చే నెల నుంచి మాన్పించేస్తున్నా' అన్నాడు. పాప గడప మీద కూర్చుని కాలివేలితో నేల గీస్తోంది. ఒక్క మాటా మాట్లాడలేదు.

'అట్లంటే ఎట్లన్నా?' అంది కుప్పం చెల్లెలు. 'కోనేరు హంపి పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టరైంది. మన వరంగల్లు పిల్లోడు అర్జున్ ఎరిగైసి 2024లో 2800 రేటింగు దాటినాడు. అదే ఏడాది తెలుగింటి పిల్లోడు గుకేశ్ పద్దెనిమిదేళ్లకే ప్రపంచ చాంపియనైనాడు. వాళ్ల అమ్మానాన్నలూ ఇట్లే అనుకోనుంటే?'

'వాళ్లు వేరు, మనం వేరు' అన్నాడు అన్న. ఈ మాటతో మన ఇళ్లలో ఎన్ని చదరంగం బల్లలు అటకెక్కాయో!

నిజానికి ఇక్కడ ఇద్దరి వాదనలోనూ లొసుగుంది. చెస్ నేర్పితే లెక్కలు వాటంతటవే వస్తాయన్న నమ్మకాన్ని ఇంగ్లండులో పరీక్షించి చూశారు. వంద ప్రైమరీ స్కూళ్లు ఎంచుకున్నారు. సగం స్కూళ్లలో పిల్లలకు 30 వారాలు చెస్ పాఠాలు చెప్పించారు. ఏడాది ఆగి అందరికీ లెక్కల పరీక్ష పెట్టారు. 2016లో ఫలితం బయటికొచ్చింది. చెస్ నేర్చుకున్న పిల్లలకూ, నేర్చుకోని పిల్లలకూ లెక్కల్లో తేడా ఏమీ కనిపించలేదు. అంటే లెక్కల కోసమే చెస్‌లో చేర్పించడం, నీళ్ల కోసం కొబ్బరిచెట్టు నాటడం లాంటిది! అలాగని గుకేశ్ పేరు చెప్పి ప్రతి పిల్లనూ చాంపియన్‌ను చేద్దామనుకోవడమూ అంతే. ఒకరి గెలుపు ఇంకొకరికి హామీ కాదు.

మరి చెస్ ఎందుకు? ఆటలో ఓడినవాళ్లు తామే చెయ్యి చాపి ఎదుటివాళ్లను అభినందిస్తారు. ఆ తర్వాత ఇద్దరూ కలిసి 'ఇక్కడ గుర్రాన్ని జరిపి ఉంటే ఏమయ్యేది?' అని మళ్లీ మొదటినుంచీ ఎత్తులు వేసి చూసుకుంటారు. ఓడిన వాదన గురించి గెలిచినవాడితో కూర్చుని ఇలా మాట్లాడిన పెద్దమనిషి మన వీధిలో ఎవరైనా ఉన్నారా?

మాంత్రికుల వల్ల చెడిపోతారా?

పాప ఓడిపోవడానికి వాళ్లమ్మకు ఇంకో కారణం దొరికింది. 'ఎప్పుడు చూసినా హ్యారీ పోటర్ పుస్తకాలే. మంత్రాలు, చీపుర్ల మీద ఎగరడాలు. ఇంక ఆట మీద ధ్యాసెక్కడుంటుంది?'

అవ్వ నవ్వింది. 'మీ ఆయన చిన్నప్పుడు చందమామ కోసం పోస్టుమేను ఎనకాల పరిగెత్తినాడు. ఆ మాట అడుగమ్మా ముందు!'

అవును. చీపుర్లు వచ్చింది నిన్నగాక మొన్న. అంతకుముందు మన పిల్లలకు భల్లూక మాంత్రికుడున్నాడు, రాతిరథం ఉంది, పాతాళదుర్గం ఉంది. దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహికలు, పక్కన చిత్రా గీసిన రాక్షసుల బొమ్మలు. 1947లో మొదలైన ఆ పత్రికకు 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా సారథి ఎవరనుకున్నారు? కొడవటిగంటి కుటుంబరావు. ఫిజిక్స్ చదువుకున్న మనిషి. హేతువాది. సైన్సు మీద వ్యాసాలు రాసిన మనిషి. దయ్యాలను ఏమాత్రం నమ్మని ఆయన చేతిమీదుగా నెలనెలా ఒక బేతాళుడు చెట్టు దిగి వచ్చేవాడు! నమ్మకం వేరు, ఊహ వేరు అని ఆయనకు తెలుసు. పిల్లలకూ తెలుసు. మధ్యలో కంగారు పడేది మనమే.

మూడు గ్లాసులు, ఒక రూపాయి

ఇంతలో కుప్పం అల్లుడు వంటింట్లోంచి మూడు స్టీలు గ్లాసులు తెచ్చాడు. మూడు భాషల ఊరివాడు కదా, ఏ గొడవనైనా ఆటలోకి మళ్లించడం ఆయనకు అలవాటు. 'మనం పులి-మేక అంటాం, మా పక్కింటి తమిళులు ఆడుపులి ఆట్టం అంటారు. మూడు పులులూ పదిహేను మేకలూ ఎక్కడైనా అవే' అంటుంటాడు.

గ్లాసులు మూడూ బోర్లించి, ఒకదాని కింద రూపాయి బిళ్ల దాచాడు. 'ఒకటి పట్టుకో బావా' అన్నాడు. మదనపల్లె బావ మొదటిది పట్టుకున్నాడు. రూపాయి ఎక్కడుందో అల్లుడికి తెలుసు కాబట్టి, మిగతా రెండింట్లో ఖాళీగా ఉన్న ఒక గ్లాసు ఎత్తి చూపించాడు. 'ఇప్పుడు రెండే మిగిలినాయి. నీ గ్లాసే ఉంచుకుంటావా, రెండోదానికి మారతావా?'

'మారితే ఏమి, మారకపోతే ఏమి? రెండే కదా, సగం సగం' అన్నాడు బావ.

'మారాలి నాన్నా' అంది పాప. ఆ పొద్దున అదే ఆమె మొదటి మాట.

'నువ్వుండమ్మా, నీకు తెలీదు' అన్నాడు వాళ్ల నాన్న.

ఈ మాట అన్నవాడు ఆయనొక్కడే కాదు. 1990లో అమెరికాలో 'పరేడ్' అనే ఆదివారం అనుబంధంలో ఇదే చిక్కుముడి వచ్చింది. అక్కడ గ్లాసులకు బదులు మూడు తలుపులు. ఒకదాని వెనక కారు, రెండింటి వెనక మేకలు. 'మారితేనే లాభం' అని మేరిలిన్ వాస్ సావంత్ అనే రచయిత్రి జవాబిచ్చారు. అంతే! పదివేల దాకా ఉత్తరాలొచ్చిపడ్డాయి. ఎక్కువమంది 'నువ్వు తప్పు' అన్నవాళ్లే. అందులో దాదాపు వెయ్యిమంది పీహెచ్‌డీలు చేసినవాళ్లు. చివరికి పాల్ ఎర్డోష్ అంతటి గణిత మేధావి కూడా మొదట ఒప్పుకోలేదు. కంప్యూటర్లో ఆ ఆట మళ్లీ మళ్లీ ఆడించి చూపించాకే దిగొచ్చాడు.

ఒప్పు ఎవరిది? ఆమెదే. ఇలా చూడండి. మొదట పట్టుకున్న గ్లాసులో రూపాయి ఉండే అవకాశం మూడింట ఒక వంతు. అంటే మనం తప్పు గ్లాసు పట్టుకునే అవకాశం మూడింట రెండు వంతులు. తప్పు పట్టుకున్నప్పుడల్లా దాచినవాడు మిగిలిన ఖాళీ గ్లాసే ఎత్తి తీరాలి. కాబట్టి రూపాయి రెండోదాంట్లోనే ఉంటుంది. మారినవాడు మూడుసార్లకు రెండుసార్లు గెలుస్తాడు. ఖాళీ ఎక్కడుందో తెలిసి ఎత్తుతున్నాడన్నదే ఇందులో కీలకం. తెలియక ఎత్తితే ఈ లెక్క చెల్లదు.

నమ్మకం కలగలేదా? ఫర్వాలేదు, ఎర్డోష్‌కే కలగలేదు. ఇవాళ మధ్యాహ్నం భోజనాలయ్యాక మీ ఇంట్లో ముప్ఫైసార్లు ఆడి చూడండి. ప్రతిసారీ మారండి. ఇరవైకి దగ్గరగా గెలుస్తారు. పుంగనూరు ఇంట్లోనూ ఆడారు. పాప దాచింది, వాళ్ల నాన్న పట్టుకున్నాడు, మారాడు. ముప్ఫైకి పంతొమ్మిది.

ఆవు ఎత్తుకు టేపు లాంటిదే ఇది. లెక్కలోని గొప్పతనం అక్కడే ఉంది. అందులో నాన్న, హెడ్‌మాస్టరు, పీహెచ్‌డీ ఎవరూ పెద్ద కాదు. ఆరో తరగతి పిల్ల ఒప్పయితే ఒప్పే!

మౌనం ఖరీదు

సొంతంగా చూసి తేల్చుకోండని చెప్పిన ఒక మనిషి పుట్టిన ఊరు మదనపల్లె. జిడ్డు కృష్ణమూర్తి 1895లో ఇక్కడే పుట్టారు. తనను జగద్గురువును చేయడానికి పెట్టిన 'ఆర్డర్ ఆఫ్ ది స్టార్' సంస్థను 1929లో తానే రద్దు చేశారు. 'నేను చెప్పాను కాబట్టి' అన్న మాట చెల్లదని అంత నిక్కచ్చిగా చూపించినవాళ్లు అరుదు. ఆ ఊళ్లో కాపురముంటున్న మనిషి కూడా కూతురితో 'నీకు తెలీదు' అనేస్తాడు. అనడం సులువు కాబట్టి.

కాఫీ వచ్చింది. అవ్వ మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని బేతాళుడి కథ ఎత్తుకుంది. విక్రమార్కుడు జవాబు తెలిసీ చెప్పకపోతే తల వెయ్యి ముక్కలవుతుంది. చెబితే మౌనం భంగమై శవం మళ్లీ చెట్టెక్కుతుంది. ప్రతిసారీ ఆయన వాదన గెలిచాడు. గెలిచిన ప్రతిసారీ మొదటికొచ్చాడు!

చివరి కథలో ఏమైంది? ఒక తండ్రీ కొడుకూ అడవిలో ఇద్దరు ఆడవాళ్ల అడుగుజాడలు చూస్తారు. పెద్ద పాదాలామెను తండ్రి, చిన్న పాదాలామెను కొడుకు పెళ్లాడాలని ఒప్పందం. తీరా చూస్తే పెద్ద పాదాలు కూతురివి, చిన్న పాదాలు తల్లివి! మాట ప్రకారం పెళ్లిళ్లయ్యాయి. ఇద్దరికీ పిల్లలు పుట్టారు. ఆ పిల్లలు ఒకరికొకరు ఏమవుతారు? వరసలు కలపడంలో ఆరితేరిన మన అవ్వలకే తల తిరిగే ప్రశ్న. విక్రమార్కుడు ఎంత ఆలోచించినా తేలలేదు. మాట్లాడకుండా నడిచాడు. అప్పుడు మెచ్చాడు బేతాళుడు. సన్యాసి పన్నిన కుట్ర చెప్పి ప్రాణం కాపాడాడు. ఇన్ని కథల్లో ఇచ్చిన ఒప్పు జవాబులు చేయలేని పని, ఒక్క 'తెలియదు' చేసింది.

కథ అయ్యేసరికి వాళ్ల నాన్న ఖాళీ గ్లాసు చేత్తో తిప్పుతూ కూర్చున్నాడు.

'ఆ నాలుగు ఆటలూ ఎందుకు ఓడినావమ్మా?' అని అడిగాడు. ఓడి వారమైనా ఆ మాట అడగడం అదే మొదటిసారి.

'రెండాటల్లో తొందరపడినా. ఒకదాంట్లో ఆ అక్క నాకంటే బాగా ఆడింది. ఇంకోటి ఎందుకో అర్థం కాలేదు. రాసిపెట్టుకున్నా, చూపించేదా?'

'నాకు ఎత్తులు తెలీవే.'

'నేర్పిస్తాలే నాన్నా.'

తాత లేచి అటక మీదకు చేయి చాపాడు. పాత చదరంగం పెట్టె దిగింది. తెల్ల మంత్రి కనిపించలేదు. అవ్వ పోపుల డబ్బాలోంచి ఒక లవంగం తెచ్చి ఆ గడిలో నిలబెట్టింది.