కొండతో పోయిన నత్త

మలేషియాలోని పహాంగ్ రాష్ట్రమున బుకిట్ పాంచింగ్ అను సున్నపురాతి కొండ యొకటి యుండెడిది. దాని నీడపట్టులందు, నాచుపట్టిన రాతిబీటలలో, ఆవగింజకంటె నంతగా పెద్దది కాని యొక నత్త జీవించుచుండెను. ప్లెక్టోస్టోమా సయాఫిలమ్ అని దాని శాస్త్రీయనామము. 1952లో హాలెండు దేశపు శాస్త్రజ్ఞురాలు టెరా వాన్ బెంథెమ్ యుట్టింగ్ దానిని వర్ణించి లోకమునకు తెలిపెను. రాతికై కొండను తొలుచుచు పోయినవారు, అటుపిమ్మట నించుమించు అర్ధశతాబ్దికాలములో, శిఖరమే కాదు, మొదలు సయితము మిగులనీయలేదు. కొండతోపాటు నత్తయు పోయెను. ఏలయన, భూమండలమంతటను దానికి మఱియొక నివాసము లేదు.

అంతటి చిన్నప్రాణి ఒక్క కొండకే కట్టువడి యుండుటకు కారణము దాని గుల్లలోనే కలదు. గుల్ల కట్టుకొనుటకు సున్నము కావలెను. అది ఆ రాతియందు సమృద్ధిగా లభించును. కొండ దిగినంతనే చుట్టునున్న అడవినేల ఆమ్లగుణము కలిగి, సున్నమునకు కఱవైనది. జీవితకాలమున కొలదిమీటర్లకు మించి పయనింపజాలని నత్త ఆ నేలను దాటి వేఱొక కొండను చేరుట మిక్కిలి యరుదు గనుక, ఏ కొండ కా కొండయే యుగయుగములుగా ఏకాంతమున నిలిచి, అన్యత్ర కానరాని జాతులకు జన్మభూమి యైనది. మలేషియాలోనే ఇపో నగరసమీపమున, గుహాలయములకు ప్రసిద్ధిచెందిన గునుంగ్ రాపట్ కొండపై దొరకగా 2008లో శాస్త్రలోకమునకు తెలిసిన ఓపిస్తోస్టోమా వెర్మిక్యులమ్ అను నత్తను చూడుడు. సామాన్యముగా నత్తగుల్ల ఒక్క అక్షము చుట్టు మెలిదిరుగును. ఇది యట్లుగాక, తాను కట్టిన చుట్టను తానే విడిచి, దిక్కు మార్చి, నాలుగు అక్షముల చుట్టు పెరుగును. ఈ నత్తలకు శత్రువులును కలరు: బోర్నియోలోని సబా ప్రాంతమున అటోపస్ అను గుల్లలేని నత్త యొకటి ప్లెక్టోస్టోమా నత్తల గుల్లకు రంధ్రము చేసి వానిని భక్షించును. ఆ గుల్లలమీద పొడుచుకొనివచ్చిన అంచులు ఆ శత్రువును నిలువరించుటకే యేర్పడినవని పరిశోధకులు తలచుచున్నారు. ఒక రాతిగోడమీద నింతటి చరిత్ర నడచుచున్నది.

కంటి కానని జీవికై కొండను విడువవలెనా యని యడుగువారు కలరు. సిమెంటు లేనిదే ఇల్లు లేదు, వంతెన లేదు. ఆ యక్కఱను నేను కాదనను. అయినను సున్నపురాయి కొండలలో మాత్రమే యున్నది కాదు. చదునునేలల క్రింద పొరలుపొరలుగా విస్తరించి యున్నది. మనకు వేఱొకచోట త్రవ్వుకొను వెసులుబాటు కలదు, నత్తకు లేదు. వెసులుబాటు కలవాడు అది లేనిదాని సర్వస్వమును హరించుట, ఎంత యవసరమును చెప్పుకొన్నను, అన్యాయమే. పేరక్ రాష్ట్రములోని గునుంగ్ కంథాన్ కొండపై దొరకిన యొక నత్తకు 2014లో, నాడు అచ్చట రాయి త్రవ్వుచుండిన సిమెంటు కంపెనీ పేరనే, చరోపా లఫార్జియై అని నామకరణము చేసిరి. ఆ నామకరణమును నేను మనసార మెచ్చుచున్నాను. ఆ జాతి నిలుచుటయు నశించుటయు నాడు ఎవరి చేతిలో నుండెనో అది శాశ్వతముగా చెప్పుచుండును.

ఇది పరదేశపు గోడని మనము పెడచెవిని పెట్టరాదు. పలనాడు, నంద్యాల, నల్లగొండ సీమలందు సున్నపురాతి గనులు కలవు, వానిని నమ్ముకొన్న కర్మాగారములు కలవు. పలనాటి గుత్తికొండ బిలపు నీటిలో వసించు ఆంధ్రాకోయిడెస్ అను చిన్న జలచరమును శాస్త్రజ్ఞులు క్రొత్త ప్రజాతిగా వర్ణించినది 2011లోనే. భారత ప్రభుత్వపు 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా ప్రకటన ననుసరించి గనులకు అనుమతి నిచ్చుటకు ముందు జరుగు పరిశీలనలలో, చెట్లతోను పక్షులతోను పాటు, నత్తలకును గుహాజీవులకును తప్పక స్థానముండవలెను. ఆ పరిశీలన వర్షకాలమున, నత్తలు బయటికి వచ్చు దినములలో, వానిని గుర్తింపగల నిపుణునిచే జరుగవలెను. ఇందులకు ధనవ్యయము స్వల్పము: రాతిమొదట పేరుకొన్న మట్టిని తెచ్చి బకెట్టు నీటిలో కలిపినచో, ఖాళీగుల్లలు పైకి తేలివచ్చును, వడియగట్టి, ఆరబెట్టి, భూతద్దము క్రింద చూచినచో ఆ కొండపై నే జాతులున్నవో చాలవఱకు తెలియును. ఆ లెక్క తేలి, అచ్చట తప్ప మఱెక్కడను లేని జాతి కనబడినయెడల, దాని నివాసభాగమును త్రవ్వరాదని కౌలుపత్రములోనే వ్రాయవలెను.