సూట్‌కేసులో ఆరోగ్యం

అమెరికా నుంచి సెలవులకి ఇండియా వచ్చే మన సాఫ్టువేరు జనాల సూట్‌కేసులు ఎప్పుడైనా చూశారా? ఒకప్పుడు చాక్లెట్లు, సెంటు సీసాలు, బాదంపప్పు ఉండేవి. ఇప్పుడు సగం పెట్టె మాత్రల డబ్బాలే. నాన్నకి చేపనూనె, అమ్మకి మోకాళ్ళ మాత్రలు, చెల్లికి జుట్టు మాత్రలు, ఇంటిల్లిపాదికీ మల్టీవిటమిన్లు. డబ్బా మీద 'గుండె ఆరోగ్యానికి తోడ్పడును', 'కీళ్ళ కదలికకు తోడ్పడును' అన్న ధోరణిలో ఏదో ఒకటి రాసుంటుంది. తోడ్పడును! కిటుకంతా ఆ మాటలోనే ఉంది.

అమెరికాలో 1994లో చేసిన చట్టం ప్రకారం సప్లిమెంటు మందు కాదు, తిండి కింద లెక్క. మందు అమ్మాలంటే అది పనిచేస్తుందని ముందే నిరూపించాలి. సప్లిమెంటుకి ఆ బాదరబందీ లేదు. 'గుండెజబ్బు తగ్గిస్తుంది' అంటే చట్టం ఒప్పుకోదు, 'గుండెకి తోడ్పడును' అంటే ఫరవాలేదు. అదే డబ్బా మీద చీమ తలకాయంత అక్షరాల్లో, ఈ మాటని ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ పరిశీలించలేదనీ, ఇది ఏ జబ్బునీ నయం చెయ్యడానికి కాదనీ వాళ్ళే రాసుకుంటారు. మనం టెస్టింగు చెయ్యకుండా కోడు ప్రొడక్షన్‌లోకి తోస్తే మేనేజరు తోలు తీస్తాడు. అమ్మానాన్నల ఒంట్లోకి మాత్రం ఇలాంటి సరుకు నిశ్చింతగా తోసేస్తున్నాం!

"మంచి చెయ్యకపోతే పోయె, చెడైతే చెయ్యదు కదా" అనేది మనవాళ్ళ బ్రహ్మాస్త్రం. అదీ పరీక్షించి చూశారు. క్యారెట్‌కి రంగునిచ్చే బీటా కెరోటిన్‌ క్యాన్సర్‌ని ఆపుతుందని ఆశపడి, ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్ళ మీద పరీక్ష పెట్టారు. 1994లో ఫలితం వచ్చింది. ఆ మాత్ర మింగినవాళ్ళలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ! తప్పు క్యారెట్‌ది కాదు. దాన్లోంచి ఒక్క ముక్క లాగి, డోసు పెంచి మింగితే క్యారెట్ తిన్నట్టే అనుకోవడంలో ఉంది తప్పు.

విటమిన్ డి, చేపనూనె సంగతీ చూద్దాం. అమెరికాలో 25,871 మందికి ఐదేళ్ళ పైచిలుకు ఇచ్చి చూశారు. 2018లో తేలిందేమిటంటే, ముఖ్యంగా వెతికిన రెండిట్లో, అంటే క్యాన్సర్లలో గానీ, గుండె, రక్తనాళాల పెద్ద ప్రమాదాల్లో గానీ చెప్పుకోదగ్గ తగ్గుదల లేదు.

ఇంక జుట్టు మాత్రలు. వీటిలో ఉండే బయోటిన్ మనిషికి రోజుకి 30 మైక్రోగ్రాములు చాలు. డబ్బాల మీద 5,000, 10,000 అని కనిపిస్తుంది. దీంతో జుట్టు సంగతేమో గానీ రక్తపరీక్షలు తారుమారవుతాయి. థైరాయిడ్ లెక్కలు తప్పొచ్చు, గుండెపోటుని పట్టించే ట్రోపోనిన్ ఉన్నదానికంటే తక్కువ చూపించొచ్చు. అలా తప్పు చూపించి ఒక మనిషి చనిపోయినట్టు తమకి సమాచారం వచ్చిందని ఎఫ్‌డీఏ 2017లో హెచ్చరించింది. సర్వర్ పడిపోవడం ఒక ఎత్తు, పడిపోయిన సర్వర్ని మానిటరింగు పచ్చగా చూపించడం ఇంకో ఎత్తు.

అన్నిట్లోకీ నాకు ఒళ్ళు మండేది పసుపు మాత్రలు చూస్తే. పసుపు గాయాలు మాన్పుతుందని 1995లో అమెరికాలో పేటెంటు ఇస్తే, మన సీఎస్‌ఐఆర్ పోరాడి 1997లో రద్దు చేయించింది. అందరం గర్వపడ్డాం. ఇప్పుడు అదే పసుపు సారాన్ని డాలర్లు పోసి కొని నిజామాబాద్ తెస్తున్నాం, పసుపు మార్కెట్ ఉన్న ఊరికి! పసుపులోని కర్కుమిన్ ఒంటికి సరిగ్గా పట్టదని చాలావాటిలో మిరియాల సారం కలుపుతారు. ఇలాంటి మాత్రలు వాడినవాళ్ళలో కొందరికి కాలేయం దెబ్బతిన్న కేసులు అమెరికాలో, ఇటలీలో నమోదయ్యాయి. పప్పులో వేసే చిటికెడు పసుపుకీ దీనికీ పోలికే లేదు.

అలాగని అన్ని మాత్రలూ దండగని నేననను. వెన్నుపాము లోపంతో బిడ్డ పుట్టిన తల్లులకి మళ్ళీ గర్భం రాకముందు నుంచే ఫోలిక్ యాసిడ్ ఇస్తే ఆ లోపం తిరిగి రావడం 72 శాతం తగ్గిందని 1991లోనే తేలింది. షుగర్‌కి ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళకి బీ12 తగ్గొచ్చు, పరీక్ష చేసి ఇస్తారు. అక్కడ లోపమేంటో తెలుసు, డోసు తెలుసు, ఫలితం తెలుసు. డబ్బా మీద 'తోడ్పడును' అన్నచోట ఈ మూడిట్లో ఏది తెలుసో చెప్పండి?

నాకు కోపం కంపెనీల మీద కంటే మన మీదే ఎక్కువ. నాన్న బీపీ మాత్ర మానేశారేమో కనుక్కునే తీరిక మనకి లేదు. ఏడాదికోసారి డబ్బాలు చేతిలో పెట్టి బాధ్యత తీరిందనుకుంటాం. ఆయనేమో కొడుకు అమెరికా నుంచి తెచ్చాడని డాక్టరిచ్చిన మందుకంటే దాన్నే శ్రద్ధగా వేసుకుంటారు. డాక్టరు అడిగితే "అబ్బే, విటమిన్లేనండీ" అని దాటేస్తారు.

కాబట్టి అయ్యా, అమ్మా, ఈ వారాంతం ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఇంట్లో ఉన్న డబ్బాలన్నీ కెమెరా ముందు పెట్టమనండి. ఆ పేర్లన్నీ, డోసులతో సహా, ఒక కాగితం మీద రాయించి తర్వాతిసారి డాక్టరుకి చూపించమనండి. రక్తపరీక్షకి ముందు బయోటిన్ సంగతి తప్పకుండా చెప్పమనండి. డాక్టరు వద్దన్నవి, ఎన్ని డాలర్లు పెట్టి కొన్నవైనా సరే, చెత్తబుట్టలోకి!